స్కోప్ కొన్నావు సరే, దేనిమీద కూర్చోబెడతావు?

పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగిందంటే అది మా అక్క కొడుకే. వాడుండే టెక్సాస్‌లో అప్పటికి ముందురోజు రాత్రి 8 గంటలు. అన్నం తిని, పిల్లని పడుకోబెట్టి, గ్యారేజీలోకి వచ్చి వీడియో కాల్ చేస్తాడు. అక్టోబర్‌లో ఒకరోజు అలాగే చేసి, "మావయ్యా, రైఫిల్ కొన్నా, స్కోప్ కొన్నా. రింగులు మీడియం సైజు ఆర్డర్ పెట్టేశా. రేపొస్తాయి, బిగించేసి శనివారం రేంజ్‌కి వెళ్లిపోతా" అన్నాడు.

"మీడియం అంటే ఎన్ని మిల్లీమీటర్లురా?"

"మీడియం అంటే మీడియమే కదా మావయ్యా!"

అక్కడ మొదలైంది. ఆ తర్వాత పది రోజులు విశాఖ మల్కాపురంలో మా డాబా మీద నేను, గ్యారేజీలో వాడు కూర్చుని చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. స్కోప్ అంటే తుపాకీ మీద పెట్టి గురి చూసే దుర్బిణి. దానికోసం నెలరోజులు రివ్యూలు చదువుతారు, దాన్ని పట్టుకునే రింగుల కోసం రెండు నిమిషాలు కూడా చూడరు.

నా గురించి ఒక ముక్క. ఓడల మరమ్మతు షాపులో ఫిట్టర్‌గా 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. వేట ఎప్పుడూ చేయలేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట క్రమంగా ముగిసింది. కంబాలకొండ పక్కన జింక కనపడితే బండి ఆపి చూడటమే మనకి మిగిలింది. నాకున్నది ఒక .177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. క్లబ్బులో ఒక మిత్రుడికి లైసెన్సున్న పాత బ్రునో పాయింట్ టూ టూ రైఫిల్ ఉంది, దాని స్కోప్ బాగోగులు చూసేది నేనే. వాడిది జింకని కొట్టే తుపాకీ, మాది కాగితాన్ని కొట్టే తుపాకీ. అయినా మర, గొట్టం, సందు, బిగింపు ఏ దేశంలోనైనా ఒకలాగే ఉంటాయి.

ఓడలో ప్రొపెల్లర్ షాఫ్ట్ ప్లమ్మర్ బ్లాకుల మీద కూర్చుంటుంది. కింద సగం, పైన మూత, మధ్యలో షాఫ్ట్. బ్లాకులన్నీ ఒక గీతలో లేకపోతే నువ్వెంత బిగించినా షాఫ్ట్ వంగుతుంది, బేరింగ్ కాలుతుంది. స్కోప్ రింగు కూడా చిన్న ప్లమ్మర్ బ్లాకే. కాకపోతే ఇక్కడ మధ్యలో ఉన్నది ఉక్కు షాఫ్ట్ కాదు, పలచటి అల్యూమినియం గొట్టం, దాని లోపల గాజు. గొట్టం చుట్టూ రింగు ఎంత మేర ఆనుతోందన్నదే పట్టు. ఆనని చోట బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది, అంతే.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. ఎయిర్ రైఫిల్‌కి మొదటి స్కోప్ పెట్టినప్పుడు అది ఎంత బిగించినా వెనక్కి జారేది. ఫిట్టర్ని కదా, నాకు ఒకళ్లు చెప్పేదేమిటని సైకిల్ ట్యూబు ముక్క కోసి రింగు లోపల పెట్టి, ఎలెన్ కీకి పైపు తొడిగి మరీ బిగించాను. నెల తిరక్కుండా జూమ్ తిప్పే రింగు పట్టేసింది. విప్పి చూస్తే గొట్టం మీద చుట్టూ గాడి పడి ఉంది. షాపులో అప్రెంటిస్ కుర్రాడు ఇలా చేస్తే నేను వాడిని ఏమనేవాడినో, ఆ మాటలన్నీ ఆరోజు నన్ను నేనే అనుకున్నాను.

ముందు వెర్నియర్ కొను

మావాడికి చెప్పిన మొదటి మాట ఇదే. డిజిటల్ దైనా, గీతలదైనా ఒక వెర్నియర్ కాలిపర్ కావాలి. రింగుల పని మొత్తం కొలతల మీద నడుస్తుంది.

మొదటిది స్కోప్ గొట్టం వ్యాసం. వేట స్కోపుల్లో ఎక్కువగా దొరికేవి రెండు: ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు, ఇంకోటి 30 మిల్లీమీటర్లు. దూరం గురి చూసే పెద్ద స్కోపుల్లో 34 కూడా ఉంటుంది. ఇది ముందు అద్దం సైజు కాదు, మధ్యలో గొట్టం సైజు. "నాది 40 స్కోపు" అని 40 మిల్లీమీటర్ల రింగుల కోసం వెతికినవాళ్లని చూశాను. 30 రింగులో అంగుళం గొట్టం పెట్టి మధ్యలో రేకు చుట్టే ఆలోచన వస్తే నా సైకిల్ ట్యూబు గుర్తు తెచ్చుకోండి. ఆ తేడా కోసమే చేసిన ఇన్సర్టులు దొరుకుతాయి, కానీ కొత్తగా కొనేటప్పుడు అసలు సైజే కొనక ఆ తంటా ఎందుకు?

రెండోది రైఫిల్ పైన ఏముందో చూడటం. రెమింగ్టన్ 700 లాంటి వాటికి రిసీవర్ (తూటాని లోపలికి తోసే బోల్ట్ కదిలే లోహపు పెట్టె) పైన మరలు వేసిన చిల్లులుంటాయి. వాటిమీద బేస్ బిగించి, బేస్ మీద రింగులు పెట్టాలి. రూగర్ బోల్ట్ రైఫిళ్లు చాలావాటికి రిసీవర్‌లోనే రింగు కూర్చునే చోటు చెక్కి ఉంటుంది, వాళ్ల రింగులే సరిపోతాయి. టిక్కాకి 17 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్, అంటే అంచులు లోపలికి వాలిన పట్టు, రిసీవర్‌లోనే ఉంటుంది. బ్రునో పాయింట్ టూ టూకీ, మన ఎయిర్ రైఫిళ్లకీ సుమారు 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. అందుకే "హంటింగ్ రైఫిల్ రింగులు ఇవ్వండి" అని అడగడం, చెప్పుల షాపులో నంబరు చెప్పకుండా చెప్పులివ్వమనడం లాంటిది. రైఫిల్ మోడల్ పేరుతో పాటు దాని యాక్షన్ (రిసీవర్, బోల్ట్ కలిసిన భాగం) పొట్టిదా పొడుగుదా కూడా చెప్పాలి. మావాడిది థర్టీ-ఆట్-సిక్స్ తూటా, దాని ఇత్తడి కేసే 63 మిల్లీమీటర్లు, కాబట్టి లాంగ్ యాక్షన్. అదే త్రీ-నాట్-ఎయిట్ అయితే 51, అది షార్ట్ యాక్షన్‌లో పడుతుంది. ఒకటే ముక్క బేస్ అయితే ఒకదానిది రెండోదానికి రాదు, చిల్లులు కలవవు.

బేసుల్లో వీవర్, పికటిన్నీ అని రెండు పేర్లు వింటారు. వీవర్ అనేది 1930లో బిల్ వీవర్ అనే ఆయన మొదలుపెట్టిన స్కోపుల కంపెనీ పేరు. పికటిన్నీ అమెరికా సైన్యం 1995లో ఖాయం చేసిన కొలత, న్యూజెర్సీలోని ఆయుధ కేంద్రం పేరు దానికి పెట్టారు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా అడ్డంగా కోసిన గాడుల్లో ఉంది. వీవర్ గాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు, గాడికీ గాడికీ దూరం ఒక లెక్కలో ఉండదు. పికటిన్నీ గాడి 5.23 మిల్లీమీటర్లు, ప్రతి గాడీ 10.01 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. కాబట్టి వీవర్ రింగులు పికటిన్నీ మీద దాదాపుగా కూర్చుంటాయి, పికటిన్నీ రింగుల అడ్డకడ్డీ మాత్రం వీవర్ గాడిలో దూరదు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి నేను పికటిన్నీయే చెప్తాను. రింగుని ఒక గాడి ముందుకో వెనక్కో జరుపుకునే వీలు ఎంత విలువైనదో స్కోప్ పెట్టేటప్పుడు తెలుస్తుంది.

పాత రకం ఇంకోటుంది: ముందు రింగు అడుగున డవ్‌టెయిల్ ఉంటుంది, దాన్ని బేస్‌లో పెట్టి 90 డిగ్రీలు తిప్పాలి, వెనక రింగుని రెండు పక్కల నుంచీ స్క్రూలు నొక్కి పట్టుకుంటాయి. అందంగా ఉంటుంది, గట్టిగానే ఉంటుంది. కానీ ముందు రింగుని స్కోప్‌నే కర్రలా పట్టుకుని తిప్పేవాళ్లున్నారు. అలా చేస్తే స్కోప్ గొట్టం వంగుతుంది. తిప్పడానికి అదే వ్యాసం చెక్క కడ్డీ వాడాలి.

ఎత్తు లెక్క, మీడియం కథ

లో, మీడియం, హై అని పెట్టె మీద రాసేది మాటే, కొలత కాదు. ఒక కంపెనీ మీడియానికీ ఇంకో కంపెనీ మీడియానికీ మావాడి దగ్గరే 3 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పైగా కొందరు బేస్ పైనుంచి రింగు మధ్య దాకా కొలిచి చెప్తారు, కొందరు బేస్ పైనుంచి గొట్టం అడుగు కూర్చునే చోటు దాకా చెప్తారు. అంగుళం గొట్టానికి ఈ రెండింటి మధ్య 12.7 మిల్లీమీటర్లు తేడా. ఏది చెప్తున్నారో చూడకుండా కొంటే స్కోప్ బ్యారెల్ మీద పడుకుంటుంది, లేకపోతే జిరాఫీ మెడ మీద నిలబడుతుంది.

సరైన ఎత్తు కనుక్కునే పద్ధతికి ఒక స్టీల్ స్కేలు చాలు. బేస్ బిగించాక స్కేలుని బేస్ మీద ఆనించి బ్యారెల్ వైపు ముందుకి చాచి పట్టుకోవాలి. స్కోప్ ముందు గంట (ముందు అద్దం ఉండే లావు భాగం) ఎక్కడికి వస్తుందో అక్కడ స్కేలు అడుగు నుంచి బ్యారెల్ పైభాగం దాకా ఎంత సందు ఉందో కొలవాలి. మావాడికి 11 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత ముందు గంట బయటి వ్యాసం కొలవాలి. లోపలి అద్దం 40 అయినా బయట గోడతో, మూతతో కలిపి 48 వచ్చింది. అందులో సగం 24. గంటకీ బ్యారెల్‌కీ మధ్య 3 మిల్లీమీటర్లు ఖాళీ వదులుదాం. 24, 3 కలిపితే 27. అందులోంచి 11 తీసేస్తే 16. అంటే బేస్ పైనుంచి రింగు మధ్యకి కనీసం 16 మిల్లీమీటర్లుండాలి.

"మరి లో రింగులు 19 ఉన్నాయి మావయ్యా, అవే వాపసు మార్చి తెప్పిస్తా" అని లేచాడు.

"కూర్చో. వెనక కొలిచావా?"

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అందరి చూపూ ముందు గంట మీదే ఉంటుంది. వెనక కంటి దగ్గర ఉండే ఐపీస్ కూడా లావుగానే ఉంటుంది. వాడిది 42 మిల్లీమీటర్లు, సగం 21. రింగు మధ్య ఎత్తు 19 అయితే, ఐపీస్ కింద రైల్ (ఒకటే ముక్కగా ఉండే పొడుగు బేస్) తోక ఉన్నచోట 2 మిల్లీమీటర్లు గుద్దుకుంటుంది. స్కోప్‌ని వెనక్కి జరిపితే రైల్ దాటిపోతుంది కానీ, అప్పుడు కన్ను దూరం చెడుతుంది. కాబట్టి 21కి 3 కలిపి 24 కావాలి. ఇంకో కంపెనీ వాళ్ల మీడియం సరిగ్గా 24. వాడు మొదట ఆర్డర్ పెట్టినది 27.

"అంటే చివరికి మీడియమే కదా! నేను మొదటి రోజే చెప్పా" అన్నాడు. మా అక్క కూడా వెనకనుంచి నవ్వింది. నేనేం మాట్లాడలేదు. 27 మిల్లీమీటర్ల రింగులు వాపసు వెళ్లాయి.

బోల్ట్ హ్యాండిల్ కూడా చూడాలి. రెమింగ్టన్ లాంటి రెండు లగ్గుల (బోల్ట్‌ని మూసి పట్టే పళ్ల) బోల్ట్ 90 డిగ్రీలు పైకి లేస్తుంది. స్కోప్ పెట్టాక బోల్ట్ ఎత్తి చూస్తే హ్యాండిల్‌కీ ఐపీస్‌కీ మధ్య చలికాలం గ్లవ్స్ వేసుకున్న వేలు పట్టాలి.

ఇంత తక్కువ ఎత్తు కోసం ఎందుకు కొట్టుకోవడమంటే, సమస్య చెంపది. రైఫిల్ మడమ భుజానికి ఆనించి, చెంప కట్టె మీద పెడితే కన్ను సహజంగా స్కోప్ మధ్యకి రావాలి. రింగులు ఎత్తైతే చెంప గాల్లో తేలుతుంది, గడ్డం ఆనించి చూడాల్సి వస్తుంది. ప్రతిసారీ తల ఒక్కోచోట పడుతుంది. తల మారితే గురీ మారుతుంది. ఎత్తు 5 మిల్లీమీటర్లు పెరిగినందువల్ల తూటా దారి పెద్దగా మారిపోదు, చెంప ఆనిక పోవడమే నష్టం.

రెండు ముక్కలా, ఒకటే రైలా

రెండు ముక్కల బేసులు తేలిక, తూటాలు పైనుంచి వేసుకోవడానికి మధ్యలో చోటుంటుంది. ఒకటే రైల్ అయితే రెండు రింగులూ ఒకే లోహం మీద, ఒకే గీతలో కూర్చుంటాయి. ప్లమ్మర్ బ్లాకుల మనిషిని కాబట్టి నా ఓటు రైల్‌కే.

మావాడికైతే ఓటు వేసే అవకాశం కూడా లేదు. లాంగ్ యాక్షన్ మీద రెండు ముక్కల బేసులు దూరదూరంగా పడతాయి. వాడి స్కోప్ పొట్టిది. రింగు ఎక్కడ పడితే అక్కడ పట్టకూడదు. ముందు గంట వాలు మీదా, మధ్యలో టరెట్ల (గురి సర్దే మరల) ముద్ద మీదా, వెనక జూమ్ రింగు మీదా పట్టకూడదు. వీటిని వదిలేస్తే మిగిలే నున్నటి గొట్టమే రింగుల చోటు. కొనేముందు ఆ పొడవు స్కోప్ కంపెనీ ఇచ్చే బొమ్మలో చూసుకోవాలి. వాడి స్కోప్ ఆ రెండు బేసుల మధ్య దూరానికి అందలేదు. అందుకే రైల్.

ఉక్కా, అల్యూమినియమా అని కూడా గంటలకొద్దీ వాదిస్తారు. వాతావరణం మారితే అల్యూమినియం రైల్, ఉక్కు రిసీవర్ వేరువేరుగా సాగుతాయి కదా అని మావాడికి టెన్షన్. లెక్క వేశాం. అల్యూమినియం మీటరుకి, డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు 12. 15 సెంటీమీటర్ల రైల్‌కి, 30 డిగ్రీల తేడాకి వచ్చేది 0.05 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కూడా లేదు. మంచి అల్యూమినియం చాలు. ఉక్కు మంచిదే, బరువు మోయడానికి సిద్ధమైతే.

విశాఖలో మాత్రం వేరే లెక్క ఉంది. ఇక్కడ ఉప్పుగాలికి ఇనుప గ్రిల్లే పొట్టు రాలుతుంది, రింగు స్క్రూ ఎంత? అల్యూమినియం రింగులో ఉక్కు స్క్రూ, దానికి ఉప్పు తేమ తోడైతే అల్యూమినియం తినుకుపోతుంది, స్క్రూ అందులో పట్టేస్తుంది. ఓడ అడుగున జింకు పలకలు కట్టేది ఇలాంటి తిండి ఓడని తినకుండా వాటిని తినాలనే. వానాకాలం వెళ్లాక నేను ఒక్కో స్క్రూ తీసి, తుడిచి, మళ్లీ బిగిస్తాను. తీయకుండా మూడేళ్లు వదిలేసిన మిత్రుడి స్క్రూ తల ఎలెన్ కీ పెట్టగానే గుండ్రంగా అరిగిపోయింది, డ్రిల్ వేసి తీయాల్సి వచ్చింది.

బిగించే పని

మొదట తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, ఛాంబర్‌లోకి కన్నుతో చూసి, వేలితో కూడా చూడాలి. గ్యారేజీలో తూటాలుండకూడదు. ఇది మావాడికి రోజూ చెప్పాను, వాడు విసుక్కున్నా సరే.

చిల్లుల్లో నూనె ఉంటుంది, అసిటోన్‌తో తుడిచి ఆరబెట్టాలి. రైల్ పెట్టి ముందు రెండు స్క్రూలు మాత్రమే బిగించి, వెనక చివర కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి బ్లేడ్లు) దూర్చి చూడమన్నాను. 0.10 మిల్లీమీటర్ల బ్లేడ్ దూరింది. ఇదే ఎవరూ చూడని చోటు. వెనక స్క్రూలు కూడా బిగించేస్తే ఆ సందు మాయమవుతుంది, కానీ రైల్ వంగి మాయమవుతుంది. దానిమీద రింగులు వంకరవుతాయి, రింగుల్లో స్కోప్ వంగుతుంది. పైకి ఏమీ కనపడదు. వాడు ఆ సందులో బెడ్డింగ్ ఎపాక్సీ నింపాడు. రిసీవర్‌కి ఎపాక్సీ అంటుకోకుండా బూట్ పాలిష్ పూసి, వెనక స్క్రూలు బిగించకుండా రాత్రంతా వదిలేశాడు. తెల్లారి గేజ్ దూరలేదు.

స్క్రూల పొడవు కూడా చూడాలి. ముందు స్క్రూ పొడుగైతే లోపల బ్యారెల్ మరలకి తగిలి, బిగిసినట్టు అనిపిస్తుంది కానీ రైల్‌ని పట్టదు. దాని వెనకది పొడుగైతే బోల్ట్ లగ్గుకి తగులుతుంది. బిగించాక బోల్ట్ పెట్టి తోసి చూస్తే తెలిసిపోతుంది.

ఇక బిగింపు. రింగు మూత స్క్రూలకి చాలా కంపెనీలు చెప్పేది 15 నుంచి 18 అంగుళాల పౌండ్లు. బేస్ స్క్రూలకి, అడ్డబోల్టుకి లెక్క వేరు, పెట్టెలో కాగితం చూసుకోవాలి. 18 అంగుళాల పౌండ్లంటే ఎంత? 20 సెంటీమీటర్ల కీ చివర ఒక కిలో కందిపప్పు ప్యాకెట్ వేలాడదీస్తే పడేంత బలం. అంతే! నేను పైపు తొడిగి వేసినది దానికి ఎన్ని రెట్లో దేవుడికే తెలుసు. మావాడు చిన్న టార్క్ స్క్రూడ్రైవర్ కొన్నాడు. చేతి అంచనా బాగుంటుందనుకునే నాలాంటి ఫిట్టర్లు కూడా కొనాలి.

రింగుల అడ్డబోల్టు వదులుగా ఉండగానే రింగుని గాడిలో ముందుకి నెట్టి పట్టుకుని బిగించాలి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, స్కోప్ ఉన్నచోటే ఉండాలనుకుంటుంది, అంటే రైఫిల్ లెక్కలో ముందుకి పోతుంది. కడ్డీ అప్పటికే గాడి ముందు గోడకి ఆని ఉంటే ఇక జరగడానికి చోటుండదు.

రింగులు ఒక గీతలో ఉన్నాయో లేదో చూడటానికి నా దగ్గర గాజువాక ఆటోనగర్‌లో తిప్పించి గ్రైండ్ చేయించిన 25.4 కడ్డీ ఒకటుంది. దానికి పలచగా ప్రష్యన్ బ్లూ పూసి, రింగుల్లో పెట్టి, తీసి చూస్తే నీలం ఎక్కడ అంటుకుందో అక్కడే ఆనుతోందన్నమాట. ముప్పాతిక వంతు నీలం అంటుకుంటే నాకు చాలు. ఒక అంచునే గీతలా అంటుకుంటే వంకర ఉన్నట్టు. అప్పుడు ల్యాపింగ్ కడ్డీతో, పేస్టుతో రుద్దాలి. కానీ చూడకుండా ముందే రుద్దకండి. మంచి రైల్ మీద ఒకే జత రింగులకి చాలావరకు ఆ అవసరం రాదు. రుద్దితే పైపూత పోతుంది, రింగు లోపలి వ్యాసం పెరుగుతుంది. లోపల ప్లాస్టిక్ గోళపు ఇన్సర్టులున్న రింగులు, బర్రిస్ వాళ్ల సిగ్నేచర్ లాంటివి, అవే సర్దుకుంటాయి. వాటిని అసలు రుద్దకూడదు. పాత రైఫిల్ మీద రెండు ముక్కల బేసులుంటే నేను అలాంటివే పెట్టమంటాను.

స్కోప్‌ని కింద సగాల్లో పెట్టి, మూతలు వదులుగా వేసి, జూమ్ ఎక్కువలో పెట్టాలి. వేటకి వేసుకునే మందపాటి కోటు వేసుకుని, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి కళ్లు తెరవాలి. చుట్టూ నల్ల వలయం లేకుండా నిండుగా కనపడేదాకా స్కోప్‌ని జరపాలి. కంటికీ ఐపీస్‌కీ మధ్య 9 సెంటీమీటర్లు ఉంటే మామూలు వేట స్కోపుకి సరిపోతుంది. తక్కువైతే థర్టీ-ఆట్-సిక్స్ తన్నుకి ఐపీస్ అంచు కనుబొమ్మ మీద చంద్రవంక గీస్తుంది. మావాడి ఆఫీసులో ఒకాయనకి ఆ వంక ఉందట.

స్కోప్ గీతలు నిలువుగా ఉన్నాయో లేదో చూడటానికి రకరకాల పరికరాలు అమ్ముతారు. నేను చెప్పింది తాపీ మేస్త్రీ గోడ నిలువు చూసే గుండు. గ్యారేజీ చివర దారానికి కట్టి వేలాడదీసి, రైఫిల్‌ని స్పిరిట్ లెవెల్‌తో సమం చేసి, స్కోప్‌లో నిలువు గీత దారంతో కలిసేదాకా తిప్పడమే. వాడి దగ్గర గుండు లేదు, బరువైన నట్టు కట్టాడు. పని అయింది.

తర్వాత మూతలు. స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి వరసగా కాదు, మూలకి ఎదురు మూల, కారు టైరు నట్లు బిగించినట్టు, కొంచెం కొంచెంగా. మూతకీ కింద సగానికీ మధ్య రెండు పక్కలా సందు సమానంగా మిగలాలి. బిగిస్తుంటే గీతలు మళ్లీ పక్కకి తిరుగుతాయి, మధ్యలో ఆగి దారం చూడాలి. కొన్ని రకాల రింగులకి ఒక పక్క పూర్తిగా మూసి రెండో పక్క బిగించమని ఉంటుంది, కాగితం పారేయకండి. రింగు మూత స్క్రూలకి నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా వేసే జిగురు) వేయొద్దంటాను. తడిగా ఉంటే మర జారి, అదే టార్క్‌కి ఎక్కువ బిగుస్తుంది. బేస్ స్క్రూలకి మాత్రం ఒక చుక్క వేయండి.

మన ఎయిర్ రైఫిల్ వాళ్లకి

తక్కువ శక్తి అని తక్కువ అంచనా వేయకండి. స్ప్రింగ్ రైఫిల్ మొదట వెనక్కి తన్నుతుంది, వెంటనే పిస్టన్ చివర గుద్దుకుని ముందుకి కుదుపుతుంది. మామూలు స్కోపులు మొదటి తన్నుకి సిద్ధంగా ఉంటాయి, రెండోదానికి కాదు. అందుకే స్ప్రింగ్ గన్‌కి పనికొస్తుందని రాసి ఉన్న స్కోప్ తీసుకోవాలి. నా స్కోప్ వెనక్కి జారడానికి కారణం కూడా ఇదే. విడి రింగులు కాకుండా, అడుగున స్టాప్ పిన్ ఉన్న ఒకటే ముక్క మౌంట్ కొనండి. రైఫిల్ పైన పిన్ దిగే చిల్లు ఉందో లేదో ముందు చూసుకోండి. మడిచే బ్యారెల్ రైఫిళ్లలో కొన్నిటికి బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉంటుంది, స్కోప్ మొత్తం పైకి తిప్పినా గుళ్లు కిందే పడతాయి. దానికి వెనక ఎత్తున్న మౌంట్లు దొరుకుతాయి.

లైసెన్సున్న పాత రైఫిల్ మీద చిల్లులు లేకపోతే, ఆటోనగర్‌లో తెలిసిన లేత్ ఉంది కదా అని తీసుకెళ్లకండి. ఆయుధాల మరమ్మతుకి కూడా ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి. ఆ లైసెన్సున్న దుకాణానికే వెళ్లాలి.

20 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) వాలున్న రైల్ కొననా అని మావాడు అడిగాడు. అది 100 గజాల దగ్గర 21 అంగుళాల వాలు; చాలా దూరం కొట్టేవాళ్లకి స్కోప్‌లో తిప్పుడు మిగలడానికి. వాడి జింక 150 గజాలు దాటి ఉండదు. వద్దన్నాను. మీట తిప్పితే ఊడే క్విక్ డిటాచ్ రింగులు, మంచివైతే తీసి పెట్టినా గురి దాదాపు అక్కడికే వస్తుంది. స్కోప్ పాడైతే ఇనుప సైట్లతో కొట్టాల్సిన అడవుల్లో వాటికి అర్థముంది. వాడి రైఫిల్‌కి ఇనుప సైట్లే లేవు.

శనివారం కాదు, ఆ పై శనివారం రేంజ్‌కి వెళ్లాడు. బోల్ట్ తీసి బ్యారెల్ లోంచి 25 గజాల కాగితం మధ్యని చూసి, రైఫిల్ కదలకుండా స్కోప్ గీతలు అక్కడికి తెచ్చాక మొదటి తూటా వేశాడు. తర్వాత 100 గజాలు. ఇరవై తూటాలయ్యాక ఇంటికొచ్చి మళ్లీ ఫోన్.

"స్క్రూలు వదులయ్యాయో లేదో ఎలా తెలుస్తుంది మావయ్యా? ప్రతిసారీ టార్క్ చూడాలా?"

"అక్కర్లేదు. మీ ఆవిడ గోళ్ల రంగు తీసుకుని స్క్రూ తల మీంచి రింగు మీదకి ఒక సన్న గీత గీయి. గీత విరిగితే స్క్రూ తిరిగినట్టు."

కాసేపటికి ఫోటో పంపాడు. నల్ల రింగుల మీద ముదురు మెరూన్ గీతలు, ఏమీ కనపడటం లేదు. తెల్ల రంగు వాడమని రాశాను.